మినహాయింపు కోరనివారు

మన పెద్దలు తరచుగా వాడే మాట ఒకటి ఉన్నది: త్రికరణశుద్ధి. మనస్సు, వాక్కు, కాయం అనే మూడు కరణాలు ఒకే త్రోవన నడచుట అని దాని తాత్పర్యం. తలచినది ఒకటి, పలికినది ఒకటి, చేసినది ఇంకొకటి అయినవానిని లోకం నమ్మదు. కొంతకాలానికి అతడు తనను తానే నమ్మలేడు. ప్రాచీన ధర్మగ్రంథాలు ఈ గుణాన్ని ఆర్జవం అని కూడా పేర్కొన్నవి. ఋజువైన నడత, అనగా వంకర లేని నడత అని ఆ పదానికి అర్థం. ఉర్దూలో దయానత్ అనీ, ఈమాన్‌దారీ అనీ, తెలుగులో నిజాయితీ అనీ మనం చెప్పుకొనేది దీనినే.

కళాశాల వార్షికోత్సవాలలో ఈ గుణాన్ని గురించి ఉపన్యాసం వినని విద్యార్థి ఉండడు. చప్పట్లు కొట్టి, బయటకు వచ్చి, తార్నాక చౌరస్తాలో బస్సు ఎక్కేసరికి ఆ ఉపన్యాసం ఏమైపోవుచున్నది అన్నదే నా ప్రశ్న. విన్నవారు చెడ్డవారు కారు. అబద్ధం మంచిదని నమ్మే విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు. దొంగతనం న్యాయమని వాదించినవాడూ నాకు తారసపడలేదు. నియమాన్ని అందరూ ఒప్పుకొంటారు. ఒప్పుకొన్న తరువాత, తమ విషయం వచ్చేసరికి, "ఈ ఒక్కసారికి" అంటారు. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. మన ఇతిహాస పురాణాలను ఈ దృష్టితో మరల చదివినప్పుడు, సత్యాన్ని పొగడుటకంటె ఈ "ఒక్కసారి"ని పరీక్షించుటకే అవి ఎక్కువ శ్రమపడినవని నాకు తోచినది.

ముందుగా నా సంగతి చెప్పవలెను. తైత్తిరీయోపనిషత్తులో, చదువు ముగించి ఇంటికి పోవుచున్న శిష్యులకు గురువు చేసే ఉపదేశం ఒకటి ఉన్నది. సత్యాన్ని, ధర్మాన్ని, స్వాధ్యాయాన్ని విడువవద్దని చెప్పిన పిమ్మట ఆ గురువు, తమలోని మంచి నడతలను మాత్రమే అనుసరించవలెనని, తక్కినవాటిని అనుసరించరాదని శిష్యులకు చెప్పుతాడు. తక్కినవి కూడ గురువులో ఉండునని ఒప్పుకొన్న ఆ మాట నాకు ఎంతో ఇష్టం. దానిని ఆధారం చేసుకొనియే ఇది వ్రాయుచున్నాను.

చాలా సంవత్సరాల క్రిందట, అధ్యాపకవృత్తిలో ప్రవేశించిన తొలి రోజులలో, నగరంలోని ఒక కళాశాలలో పనిచేయుచుండగా, హాజరు లెక్కలు పంపే సమయం వచ్చినది. నూటికి 75 తరగతులు విననివారికి పరీక్షకు అనుమతి లేదు. నా తరగతిలో ఇద్దరికి హాజరు తక్కువ పడినది; ఇద్దరికీ ఇంచుమించు సమానంగా తక్కువ. మొదటివాడు తన మేనమామను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. తండ్రికి జబ్బు చేసినదని, ఊరిలో పొలం చూచుకొనేవారు లేక తరగతులు పోయినవని చెప్పి కన్నీళ్లు పెట్టుకొన్నాడు. అబద్ధం చెప్పలేదు; ఆ సంగతి నాకు తెలుసును. ఆ రాత్రి నేను రిజిస్టరు తీసి, గైర్హాజరు గుర్తులున్న గడులను కొన్నింటిని హాజరుగా దిద్ది, మొత్తం సరిచేసినాను. నాకు పైసా లాభం లేదు. దయతో చేసిన పని అనుకొని హాయిగా నిద్రపోయినాను కూడ.

రెండవ విద్యార్థి ఎవరినీ వెంటబెట్టుకొని రాలేదు. అతడు రాత్రులందు ఒక ఛాపాఖానాలో పనిచేసి, తెల్లవారి తరగతిలో కునుకుపాట్లు పడుతుండేవాడు. అతని పేరు పరీక్షకు అనుమతి లేనివారి పట్టికలో వెలువడినది. ఆ పట్టిక క్రింద నా సంతకం ఉన్నది. పట్టిక చూచి అతడు నా వద్దకు వచ్చి, "లెక్క సరిగానే ఉంది సార్, నేనే రాలేదు" అని వెళ్లిపోయినాడు. ఆ మాటకు నేను ఏమి జవాబు చెప్పితినో జ్ఞాపకం లేదు.

ఇప్పుడు మహాభారతానికి వత్తును. శాంతిపర్వంలో, యుద్ధానంతరం రాజ్యం వలదని కూర్చున్న ధర్మరాజుకు వ్యాసుడు చెప్పిన కథ ఒకటి ఉన్నది. బాహుదా నదీతీరంలో శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములు వేరువేరు ఆశ్రమాలలో ఉండేవారు. ఒకనాడు తమ్ముడైన లిఖితుడు అన్న ఆశ్రమానికి వెళ్లగా శంఖుడు లేడు. చెట్లు పండ్లతో వంగి ఉన్నవి. లిఖితుడు కొన్ని కోసికొని తినుచు కూర్చున్నాడు. శంఖుడు వచ్చి, ఇవి ఎక్కడివని అడిగినాడు. లిఖితుడు నవ్వుచు, ఇక్కడివే అన్నాడు. నవ్వినాడన్న సంగతి కవి మరువలేదు. అన్న చెట్టు పండు తమ్ముడు తినుట కూడ ఒక తప్పేనా అని ఆ నవ్వు. శంఖుడు మాత్రం నవ్వలేదు. ఇయ్యనిది తీసికొనుట దొంగతనమే, రాజు వద్దకు వెళ్లి నీవే చెప్పుకొని శిక్ష పొందుము అన్నాడు.

సుద్యుమ్నుడు అనే ఆ రాజు, లిఖితుడు వచ్చినాడని విని కాలినడకన ఎదురేగినాడు. విషయం విన్న తరువాత, దండించే అధికారం రాజుకు ఉన్నప్పుడు క్షమించే అధికారం కూడ ఉండవలెను గదా, నిన్ను క్షమించినాను, ఇంకేమైనా కోరుకొనుము అన్నాడు. లిఖితుడు శిక్ష తప్ప మరేమీ కోరలేదు. ఆనాటి చట్టం ప్రకారం అతని చేతులు నరికించినారు. ఆ శిక్ష నేడు మనకు దారుణంగా తోచును, తోచవలెను కూడ. కథ అంతటితో ముగియలేదు. తిరిగివచ్చిన తమ్మునితో శంఖుడు, నీపై నాకు కోపం లేదు, బాహుదలో స్నానం చేసి తర్పణం విడువుము అన్నాడు. లిఖితుడు అట్లు చేయగా చేతులు మరల వచ్చినవి. అప్పుడు తమ్ముడు అడిగిన ప్రశ్న ఉన్నదే, అది ప్రతి విద్యార్థీ అడుగదగినది: ఇంత శక్తి నీకు ఉన్నప్పుడు నన్ను మొదటనే ఎందుకు శుద్ధిచేయలేదు? దానికి శంఖుని జవాబు: నిన్ను దండించవలసినవాడను నేను కాను, రాజు, దండించుటవలన నీవే కాక అతడు కూడ శుద్ధి పొందినాడు. ఈ అన్నదమ్ముల పేర్లతో ఒక ధర్మశాస్త్రం కూడ ప్రచారంలో ఉండేది.

ఈ కథలోని గొప్పతనం శిక్షలో లేదు. క్షమాభిక్ష చేతికి అందివచ్చినప్పుడు దానిని తీసికొననివాడు లిఖితుడు. తమ్ముడైనను తన చేతితో మినహాయింపు ఇయ్యనివాడు శంఖుడు. ఆనాటి రాత్రి రిజిస్టరు ముందు కూర్చున్న నేను వీరిలో ఏ ఒక్కనివలెనూ ప్రవర్తించలేదు. నాకు లేని అధికారాన్ని తీసికొని, అడిగినవానికి ఇచ్చి, అడుగనివానికి ఇయ్యలేదు.

తెలుగు దేశంలో ఇటువంటి మరొక సన్నివేశం చిన్నపిల్లలకు కూడ తెలిసినదే. పోతన భాగవతంలో వామనునకు మూడడుగుల నేల ఇచ్చెదనని బలిచక్రవర్తి మాట ఇచ్చినాడు. వచ్చినవాడు విష్ణువని గ్రహించిన శుక్రాచార్యుడు, అబద్ధమాడినను దోషం లేని సందర్భాలు కొన్ని ఉన్నవని, వాటిలో ప్రాణమాన భంగం కూడ ఒకటి అని బోధించినాడు. మన పల్లెల్లో అక్షరం రానివారికి సైతం ఆ పద్యం నోటికి వచ్చును. విచిత్రమేమనగా చాలామంది ఆ పద్యాన్ని సమర్థనగా చదువుతారు. అది చెప్పినవాని మాట బలి వినలేదన్న సంగతి మరచిపోతారు. బలి గురువుచేత శాపం తిన్నాడు గాని మాట తప్పలేదు. మినహాయింపుల పట్టిక శాస్త్రంలో ఉన్నది. లాభం పొందవలసినవాడు దానిని తీసికొనలేదు.

అట్లయిన ఎప్పుడును మినహాయింపు లేదా? ఉన్నది. కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునకు కౌశికుని కథ చెప్పినాడు. ఎన్నడూ అసత్యమాడనని వ్రతం పట్టిన తపస్వి కౌశికుడు. దొంగలకు భయపడి కొందరు అతని ఆశ్రమం ప్రక్క అడవిలో దాగినారు. దొంగలు వచ్చి అడుగగా అతడు ఉన్నది ఉన్నట్లు చూపించినాడు. వారు దాగినవారిని చంపినారు. కౌశికుడు తన సత్యవ్రతంతోనే నరకానికి పోయినాడు. ద్రోణపర్వంలో ధర్మరాజు కథ దీనికి ఎదురుగా నిలిచియున్నది. అశ్వత్థామ అనే ఏనుగు చచ్చినదన్న మాటను ద్రోణునకు తన కుమారుని మరణంగా వినిపించునట్లు పలికినందున, అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడచిన అతని రథం భూమికి దిగినది. చివరకు స్వర్గానికి పోవునప్పుడు కూడ ఆ ఒక్క మాటకై నరకదర్శనం తప్పలేదు. ఈ రెండు కథలను కలిపి చదివినగాని విషయం బోధపడదు. ఇతరుల ప్రాణం నిలుపుటకై నియమాన్ని వంచనివాడు కౌశికుడు. తన గెలుపు కొరకు వంచినవాడు ధర్మరాజు. ఇద్దరికీ నరకం చూడక తప్పలేదు. ఆపద్ధర్మం కూడ ఉన్నది. పన్నెండేండ్ల కరవులో ప్రాణం నిలుపుకొనుటకు విశ్వామిత్రుడు కుక్కమాంసానికి చేయి చాచిన కథ శాంతిపర్వంలోనే ఉన్నది. కాని పరీక్షలో మార్కులు తగ్గుట పన్నెండేండ్ల కరవు కాదు.

నేను దిద్దిన రిజిస్టరు కూడ ఇతరుని కొరకే గదా అని ఒక మిత్రుడు నన్ను సమర్థించినాడు. చాలాకాలం నేనూ అట్లే అనుకొన్నాను. అయితే ఆ మేలు చాటుగా చేసినది. చాటుగా చేసినందుననే అది రెండవవానికి అందలేదు. హాజరు తక్కువైన విద్యార్థి తగిన కారణం చూపి, నిర్ణీత రుసుము చెల్లించి, ప్రిన్సిపాలు ద్వారా కండొనేషన్ కోరవచ్చునని నిబంధనలలోనే ఉన్నది. కొంత పరిమితి వరకు లోటును విశ్వవిద్యాలయమే మన్నిస్తుంది. అది బహిరంగమైన మినహాయింపు. నోటీసు బోర్డు మీద పెట్టదగినది, ఎవడైనా అడుగదగినది. ఆ దరఖాస్తు సంగతి నేను మొదటివానికి చెప్పలేదు, అవసరం లేకపోయినది గనుక. రెండవవానికి చెప్పలేదు, తోచలేదు గనుక.

ఇవి హిందూ గ్రంథాలలోని కథలు గదా, మన కళాశాలలో చదివే ప్రతి విద్యార్థికి వీటితో ఏమి పని అని అడుగువారు ఉండవచ్చును. దీనికి సమాధానం మన పొరుగుననే, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది. 1918లో స్థాపితమై, ఉర్దూ భాషలో ఉన్నత విద్యాబోధన చేసిన ఈ విశ్వవిద్యాలయపు ప్రాంగణంలో నేడు సంస్కృత అకాడమీ ఉన్నది. 1888లో ప్రారంభమైన దాయిరతుల్ మారిఫ్ అనే అరబ్బీ గ్రంథ ప్రచురణ సంస్థయు ఉన్నది. ఆ సంస్థ 1958లో అల్ బిరూనీ భారతదేశాన్ని గురించి వ్రాసిన అరబ్బీ గ్రంథాన్ని ప్రకటించినది. అల్ బిరూనీ ఖ్వారిజం దేశస్థుడు. సుమారు 1030 ప్రాంతంలో ఈ గ్రంథాన్ని పూర్తిచేసినాడు. సంస్కృతం నేర్చి, పతంజలి యోగశాస్త్రాన్ని అరబ్బీలోకి మార్చినవాడు. చంపకుండుట, అబద్ధమాడకుండుట, దొంగిలించకుండుట, కూడబెట్టకుండుట మొదలైన హిందూ నియమాలను తన గ్రంథంలో ఓపికతో వివరించినాడు.

అతని గ్రంథం ప్రారంభమే సత్యాన్ని గురించిన చర్చతో జరిగినది. కంటితో చూచినదానికి, చెవితో విన్నదానికి గల భేదం, వార్త చెప్పువారు ఏయే కారణాలవలన అబద్ధమాడుదురు అన్నది అతడు ముందే విచారించినాడు. తన మతం కాని మతాన్ని గురించి వ్రాయునప్పుడు ఖండనకు దిగక, వారు చెప్పుకొనేది వారు చెప్పుకొన్నట్లే చెప్పుట తన పద్ధతి అని ప్రకటించినాడు. తనకు నచ్చనివి అతడు దాచలేదు. అనేకచోట్ల కఠినంగానే వ్రాసినాడు. కాని ఎదుటివాని మాటను వంకరగా చెప్పి గెలిచే సౌకర్యాన్ని తనకు ఇచ్చుకొనలేదు. ఆర్జవం అన్న పదానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వాదప్రతివాదాల పోటీలలో మన విద్యార్థులు దీనిని గుర్తుంచుకొనిన బాగుండును. ప్రతిపక్షం అనని మాటను అన్నదని చెప్పి బహుమతి గెలిచినవారిని నేను ఎరుగుదును.

ప్రాచీన ధర్మశాస్త్రాలను తలపైకెత్తుకొని అంతా బంగారమే అనుట కూడ నిజాయితీ కాదు. మనుస్మృతిలో అనేక నేరాలకు కులాన్ని బట్టి శిక్ష మారుతుంది; శూద్రుని పట్ల ఆ గ్రంథం చూపిన కాఠిన్యాన్ని నేటి మానవుడెవడును అంగీకరించలేడు. అయినను అదే గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో దొంగతనాన్ని గురించి చెప్పినది మాత్రం వేరుగా ఉన్నది. తెలిసి దొంగిలించిన శూద్రునికి 8 రెట్లు, వైశ్యునికి 16 రెట్లు, క్షత్రియునికి 32 రెట్లు, బ్రాహ్మణునికి 64 రెట్లు, లేదా 100, లేదా 128 రెట్లు దోషమని లెక్క. సామాన్యునికి ఒక కార్షాపణం దండుగ పడేచోట రాజుకు వేయి అని కూడ ఉన్నది. ఎంత చదివినవాడైతే, ఎంత ఎత్తున కూర్చున్నవాడైతే, మినహాయింపు అంత తక్కువ. మన కాలంలో ఇది తలక్రిందులైనదని చెప్పుటకు ఉదాహరణలు అక్కరలేదు.

ఒక మనిషికై నియమాన్ని సడలించుట ఎంత తప్పో, ఒక మనిషిపై నియమాన్ని బిగించుట అంతే తప్పు. దీనికి కూడ ఈ ప్రాంగణమే సాక్షి. 1966లో రాష్ట్ర శాసనసభ ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, అప్పటికి పదవిలో ఉన్న ఉపకులపతి డాక్టర్ డి.ఎస్. రెడ్డిగారి పదవీకాలం ముగియునట్లు ఒక ప్రత్యేక నిబంధనను చేర్చినది. ఆయన న్యాయస్థానానికి వెళ్లినారు. హైకోర్టులో ఓడిపోయినా, 1967లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసినది. అది ఒకే ఒక వ్యక్తికి వర్తించునట్లు చేసినదని, రాజ్యాంగంలోని 14వ అధికరణం చెప్పే సమానత్వానికి విరుద్ధమని తీర్పు. ఆనాటి రాజకీయాలతో మనకు పని లేదు. నా రిజిస్టరులో నేను చేసినది కూడ, ఎంత చిన్నదైనా, ఒక్కనికి మాత్రమే వర్తించే చట్టమే.

ప్రాంగణం నుండి తార్నాక వైపు వచ్చినప్పుడు జాతీయ పోషకాహార సంస్థ కనబడుతుంది. అది కూడ 1918లోనే, కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనగా చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చినది. 1972లో ఈ సంస్థ ఆధ్వర్యాన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఏర్పడి, అనేక రాష్ట్రాల పల్లెలలో సర్వేలు జరిపినది. ఆ పని జరిగిన తీరు వినదగినది. సిబ్బంది ఇంటింటికి పోయి, ఆనాడు వండబోయే బియ్యం, జొన్నలు, పప్పు, కూరలను వండకముందే తూచి వ్రాసికొనేవారు. పిల్లల ఎత్తు, బరువు కొలిచేవారు. ఎండలో నాలుగు మైళ్లు నడచి చివరి ఇంటికి చేరినవాడు, ఆ ఇల్లాలు పొలానికి పోయి తలుపు తాళం పెట్టి ఉంటే, పక్కింటి లెక్కనే కొద్దిగా మార్చి వ్రాసివేయవచ్చును. పైవారికి తెలియదు. కాని అటువంటి గడులు వేలకొలది చేరినప్పుడు, ఆకలితో ఉన్న జిల్లా కడుపునిండినట్లు కాగితంమీద కనబడును. ఆ ఎండలో, ఆ తాళం ముందు, అతనికి తోడుగా నిలిచేది అతని తక్కెడ మాత్రమే.

తక్కెడ అనగానే తులాధారుడు గుర్తుకు వచ్చును. ఇతని కథయు శాంతిపర్వంలోనిదే. జాజలి అనే ఋషి కదలక మెదలక తపస్సు చేయగా, పక్షులు అతని జడలలో గూడు కట్టి పిల్లలను పెట్టినవి. అవి ఎగిరిపోయేవరకు అతడు కదలలేదు. నావంటి ధర్మాత్ముడు లేడని గర్వించినంతలో, కాశీలోని తులాధారుడు నీకంటె గొప్పవాడని అదృశ్యవాణి వినిపించినది. వెళ్లి చూడగా అతడు సుగంధద్రవ్యాలు మొదలైన సరుకులు అమ్ముకొనే వర్తకుడు. అడవిలో తపస్సు లేదు, జడలు లేవు. నా తక్కెడ అందరికీ సమానంగా తూగును అన్నదే అతని ధర్మోపన్యాసానికి మూలం. వచ్చినవాడు ధనికుడని ముల్లు వంగదు, పేదవాడని లేవదు. తార్నాకలో బండిమీద పండ్లమ్మువాని తక్కెడను మనం అనుమానంతో చూస్తాము, చూడవలసినదే. అదే చూపుతో జవాబుపత్రాలు దిద్దే మా చేతిని కూడ మీరు చూడవచ్చును.

మన విద్యార్థులకు నిత్యం ఎదురయ్యే చిన్న పరీక్షలు కొన్ని ఉన్నవి. సిటీబస్సులో చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్టు వెనుక బాకీ వ్రాసియిస్తాడు. ఆ టికెట్టు చూపి చిల్లర అడుగుట మనం మరువము. పొరపాటున అతడు పది రూపాయలు ఎక్కువ ఇచ్చినప్పుడు మాత్రం మన జ్ఞాపకశక్తి తగ్గిపోవును. సాయంకాలం డిపోలో లెక్క తక్కువైతే ఆ సొమ్ము అతని జేబులోనుండియే పోవలెను. 2023 డిసెంబరు నుండి తెలంగాణలో స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం వచ్చినది. అయినా సున్న రూపాయల టికెట్టు తీసికొనవలెను. డబ్బే లేనప్పుడు టికెట్టు ఎందుకని కొందరు విసుగుకొంటారు. ప్రయాణం జరిగినదని లెక్కలో ఉండుటకు ఆ కాగితం. ఉచితమైనదానికి కూడ లెక్క ఉండుట నాకు న్యాయంగానే తోచినది. 2017లో తార్నాకకు మెట్రో రైలు వచ్చిన తరువాత అక్కడ తలుపే టికెట్టును పరీక్షిస్తున్నది. యంత్రం ఉన్నచోట నిజాయితీకి పని తగ్గినది, యంత్రం లేనిచోట పని అంతే ఉన్నది.

గ్రంథాలయం మరొకటి. ధర్మశాస్త్రాలు వ్యవహారాలను పద్దెనిమిది విధాలుగా విభజించి, ఋణం తరువాత రెండవదిగా నిక్షేపాన్ని చెప్పినవి. నమ్మి దాచుకొనుమని ఒకని చేతికి ఇచ్చిన వస్తువు నిక్షేపం. ఇస్లాం నీతిలో అమానత్ అనే మాటకు ఉన్న బరువు మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు మాటలూ ఒకే చేతిలో ఉన్న ఒకే వస్తువును గురించినవి. గ్రంథాలయ పుస్తకం అచ్చంగా అటువంటిది. పరీక్షకు కావలసిన పుటలను చించి తీసికొనిపోయినవాడు నాకు ఒకసారి దొరికినాడు. దొంగతనం చేయలేదు సార్, పుస్తకం అక్కడే ఉన్నది గదా అన్నాడు. అతని నవ్వు లిఖితుని నవ్వువలెనే ఉన్నది.

ధ్రువపత్రాల సంగతి చెప్పి ముగింతును. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడు గురుకులంలో చేరబోయినప్పుడు, నీ గోత్రమేది అని గౌతముడు అడిగినాడు. ఒక గోత్రం పేరు కల్పించి చెప్పిన ఎవరికి తెలియును? తల్లి తనకు చెప్పినదే అతడు చెప్పినాడు: అనేక చోట్ల పనిచేయుచు నిన్ను కన్నాను, తండ్రి గోత్రం నాకు తెలియదు. ఆ జవాబు విని గురువు చేర్చుకొన్నాడు. మన దరఖాస్తులలో ఆదాయం గడి నింపునప్పుడు ఎందరు సత్యకాములు ఉన్నారు? ఒకప్పుడు నకళ్లపై గెజిటెడ్ అధికారి సంతకం కావలసివచ్చేది. అసలు పత్రం చూడకుండ సంతకం పెట్టుమని బంధువులు మా గుమ్మంలో నిలుచుండేవారు. నేడు చాలాచోట్ల అభ్యర్థి తానే ధ్రువీకరించుకొనిన చాలును. శంఖుడూ తానే, లిఖితుడూ తానే అన్నమాట. పూర్వంకంటె ఇది కష్టమైన పరీక్ష.

ఛాపాఖానాలో పనిచేసిన ఆ విద్యార్థి మరుసటి సంవత్సరం పరీక్ష వ్రాసి ఉత్తీర్ణుడైనాడని విన్నాను. చాలాకాలం తరువాత ఒకనాటి సాయంకాలం తార్నాక బస్సు స్టాపులో అతడే నన్ను గుర్తుపట్టి సలాం చేసినాడు. చేతిలో పిల్లల పాఠ్యపుస్తకాల సంచి ఉన్నది. కుశలప్రశ్నలయిన తరువాత నేను ఆ రిజిస్టరు సంగతి, మొదటివాని సంగతి, కండొనేషన్ దరఖాస్తు సంగతి, ఉన్నది ఉన్నట్లు చెప్పినాను. అతడు కొంతసేపు రోడ్డు వైపు చూచుచు నిలుచున్నాడు. అతని బస్సు వచ్చినది; ఎక్కలేదు. "ఆ ఏడు ఈద్‌కు ఇంటికి పోలేదు సార్. అబ్బాకు ఏమి చెప్పాలో తెలియలేదు" అని మాత్రం అన్నాడు.